'పోస్ట్' నొక్కండి అని రాసేస్తే సరిపోదు

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో నోటీస్ పీరియడ్ ఆఖరి రెండు వారాల్లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పని అప్పగింత) అనే తంతు ఒకటి జరుగుతుంది. వెళ్లిపోయేవాళ్లు తమ చేతిలో ఉన్న పనులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాస్తారు. ఒక్కో పనికి ఒక గైడ్ చేసి, లింకు పక్కన అతికించి, గడికి పచ్చరంగు వేస్తారు. ఒకప్పుడు ఈ గైడ్లన్నీ వర్డ్ ఫైళ్లే. ఇప్పుడు స్క్రైబ్, టాంగో లాంటి రికార్డర్లు వచ్చాయి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి మామూలుగా పని చేసుకుంటూ పోతే చాలు. క్లిక్కుకో స్క్రీన్‌షాట్, నొక్కిన చోట రంగు వలయం, పైన ఒక వాక్యం వాటంతట అవే తయారవుతాయి. వారం పట్టే షీట్ ఒక్క మధ్యాహ్నంలో పచ్చబడిపోతుంది.

ఆ సీట్లోకి వచ్చిన కొత్త మనిషి మూడోవారంలో ఫోన్ చేస్తాడు. "అన్నా, గైడ్‌లో ఉన్నట్టే చేశాను. పద్నాలుగో స్టెప్‌లో నువ్వు చూపించిన బటన్ నా స్క్రీన్ మీద లేనే లేదు."

లేకపోవడానికి కారణం చాలా చిన్నది. గైడ్ రికార్డు చేసినవాళ్లకు ఐదేళ్లలో పోగుపడిన యాక్సెస్‌లు ఉన్నాయి. కొత్తవాళ్లకు ఇచ్చింది మామూలు యూజర్ రోల్. రోల్‌ను బట్టి బటన్లు కనబడటం, కనబడకపోవడం అన్నది ఏ క్లిక్కులోనూ ఉండదు కాబట్టి రికార్డర్‌కు అది తెలిసే దారి లేదు.

ఈ టూల్స్ అమ్మేవాళ్లంతా చెప్పేది వేగం గురించే. నాకు పేచీ అక్కడే. గైడ్ తయారీలో అవి ఆదా చేసేది అన్నిటికంటే చవకైన భాగాన్ని: స్క్రీన్‌షాట్ తీయడం, నంబరు వేయడం, 'ఫలానాది నొక్కండి' అని రాయడం. ఖరీదైన భాగం మొత్తం నొక్కనివాటిలోనే ఉంటుంది. మొదలుపెట్టే ముందు చేతిలో ఏం ఉండాలి, స్టెప్ సరిగ్గా పడితే ఏం కనబడాలి, పడకపోతే ఎవరిని అడగాలి, ఏ బటన్ నొక్కితే ఇక వెనక్కి రాలేం. రికార్డర్ వాడొద్దని అనడం లేదు. అది ఇచ్చింది ముడిసరుకు, దాన్నే గైడ్ అని పిలవొద్దంటున్నాను. టూల్ ఎంచుకునేటప్పుడు కూడా మొదటిరోజు ఎంత త్వరగా గైడ్ పుట్టిందో కాదు, ఆరు నెలల తర్వాత బటన్ చోటు మారితే దాన్ని సరిచేయడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి.

రికార్డర్‌కు ఏం కనబడుతుంది

బ్రౌజర్ రికార్డర్ చేసే పని సూటిగా ఉంటుంది. పేజీలో క్లిక్ జరగ్గానే పసిగడుతుంది, స్క్రీన్ పట్టుకుంటుంది, నొక్కిన ఎలిమెంట్ కొలతలు తీసుకుని వలయం గీస్తుంది. దాని మీద ఉన్న అక్షరాలో, లేకపోతే స్క్రీన్ రీడర్ల కోసం డెవలపర్ రాసిపెట్టిన లేబులో చదివి వాక్యం అల్లుతుంది. డెవలపర్ ఆ లేబుల్ రాయకుండా ఉత్త ఐకాన్ పెట్టి ఉంటే వచ్చేది 'ఇక్కడ క్లిక్ చేయండి' మాత్రమే. మూడు చుక్కల మెనూలు, పెన్సిల్ గుర్తులు, గేర్ గుర్తులు నిండిన అప్లికేషన్‌లో ఇరవై స్టెప్పుల గైడ్ తీస్తే అందులో సగం 'ఇక్కడ' అనే ఉంటుంది. ఎక్కడో బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. బొమ్మ పాతబడితే అదీ తెలియదు.

మౌస్ పెడితే తెరుచుకునే మెనూలు క్లిక్ లేకుండానే తెరుచుకుంటాయి కనుక రికార్డులో ఉండవు. చదివేవాళ్లకు ఏడో స్టెప్ నుంచి ఎనిమిదో స్టెప్‌కి మధ్య ఒక మెనూ ఆకాశం నుంచి ఊడిపడుతుంది. డ్రాప్‌డౌన్ తెరవడం ఒక స్టెప్, అందులోంచి ఎంచుకోవడం ఇంకో స్టెప్. ఊరికే పేజీ ఖాళీలో నొక్కిన క్లిక్, పొరపాటున నొక్కి వెనక్కి వచ్చిన క్లిక్ కూడా నంబరు వేసుకుని కూర్చుంటాయి. సిట్రిక్స్ లోనో రిమోట్ డెస్క్‌టాప్‌లోనో, అంటే దూరంగా ఉన్న ఇంకో కంప్యూటర్ మీద, నడిచే అప్లికేషన్ అయితే మన వైపు కంప్యూటర్‌కు అదంతా ఒకే బొమ్మ. లోపల ఏ బటన్ నొక్కామో దానికి తెలియదు.

కీబోర్డు మీద నడిచే పనుల్లో ఇది ఇంకా తేలిపోతుంది. బెంగళూరులోనే పుట్టిన ట్యాలీని తీసుకోండి. చేయి తిరిగిన అకౌంటెంట్ మౌస్ ముట్టుకోడు. ఎఫ్8 కొడితే సేల్స్ వోచర్, ఎఫ్9 పర్చేజ్, ఎఫ్5 పేమెంట్, ఎఫ్2తో తేదీ, కంట్రోల్-ఏతో యాక్సెప్ట్. వోచర్ మధ్యలో పార్టీ లెడ్జర్ (ఆ వ్యాపారి ఖాతా) లేకపోతే ఆల్ట్-సీ కొట్టి అక్కడికక్కడే సృష్టిస్తాడు. మౌస్ క్లిక్కులు లెక్కపెట్టే టూల్‌కు ఈ మనిషి గంటసేపు ఊరికే కూర్చున్నట్టు కనబడతాడు. టూల్ కోసమని ఆయన్ను మౌస్‌తో చేయమంటే ఆయన రోజూ చేయని పద్ధతిలో గైడ్ తయారవుతుంది. అది చదివి నేర్చుకున్న కుర్రాడు ఏడాది తర్వాత కూడా మౌస్‌తోనే బిల్లులు కొడుతూ ఉంటాడు. ఇలాంటి చోట పాత పద్ధతే మేలు: ఎడమవైపు కీ, మధ్యలో అది చేసే పని, కుడివైపు స్క్రీన్ మీద కనబడాల్సింది. మూడు నిలువు వరసల పట్టిక, పేజీకి ఒక్క స్క్రీన్‌షాట్.

విండోస్‌లోనే ఉచితంగా ఉన్న స్టెప్స్ రికార్డర్‌ని ఇక్కడ తలుచుకోవాలి. 2009లో విండోస్ 7తో వచ్చింది. ప్రాబ్లం ఏమిటో సపోర్ట్ వాళ్లకు చూపించడానికి పుట్టిన టూల్ అది. మామూలు సెట్టింగ్‌లో ఆఖరి 25 స్క్రీన్లే దాచేది, టైప్ చేసిన అక్షరాలు రికార్డు చేసేది కాదు. అయినా జనం దాంతో ట్రైనింగ్ గైడ్లు చేసి, 25 దాటగానే మొదటి స్టెప్పులు ఎందుకు మాయమయ్యాయని తల పట్టుకున్నారు. 2023 చివర్లో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేయబోయే వాటి జాబితాలో పెట్టేసింది.

ఒక జీఆర్ఎన్, రెండు గైడ్లు

పీణ్యలో ఓ మాదిరి ఫ్యాక్టరీ స్టోర్స్‌ని ఊహించుకోండి. లారీ వచ్చింది. సరుకు దించి, ఈఆర్‌పీలో (కంపెనీ స్టాక్, కొనుగోళ్లు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) జీఆర్ఎన్, అంటే సరుకు అందినట్టు ఎంట్రీ, వేయాలి. స్టోర్స్‌లో ఉన్న కుర్రాడిది మదనపల్లో హిందూపురమో. ఇంగ్లిషు లేబుళ్లు చదవగలడు, పేరాలు చదవడు. ఈ పనిని రికార్డర్‌తో తీస్తే ఇరవై మూడు, ఇరవై నాలుగు స్టెప్పులు వస్తాయి. ఆ స్టెప్పుల తీరు ఇదీ: ఇన్వెంటరీ నొక్కండి, రిసీట్స్ నొక్కండి, న్యూ నొక్కండి, ఖాళీ గడిలో నొక్కండి, పీవో (కొనుగోలు ఆర్డర్) నంబరు టైప్ చేయండి, గెట్ లైన్స్ నొక్కండి, రిసీవ్డ్ క్వాంటిటీ నొక్కండి, 500 అని టైప్ చేయండి, సేవ్ నొక్కండి, ఓకే నొక్కండి, పోస్ట్ నొక్కండి, ఓకే నొక్కండి.

ఇందులో రెండు గోతులున్నాయి. మొదటిది ఆ 500. రికార్డు చేసిన రోజు వచ్చిన సంఖ్య అది. గైడ్‌లో అది ఉదాహరణా, ప్రతిసారీ కొట్టాల్సిన విలువా అన్నది కొత్తవాడికి తెలియదు. తెలిసినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఇన్‌వాయిస్‌లో ఉన్న సంఖ్య వేయాలా, చేత్తో లెక్కపెట్టిన సంఖ్య వేయాలా? ఇన్‌వాయిస్ 500 అని ఉండి పెట్టెల్లో 488 ఉంటే ఏం చేయాలి? రికార్డు చేసిన రోజు లెక్క సరిపోయింది కనుక ఆ ప్రశ్నే రాలేదు.

రెండోది సేవ్‌కీ పోస్ట్‌కీ ఉన్న తేడా. సేవ్ అంటే డ్రాఫ్ట్, ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. పోస్ట్ అంటే స్టాక్ పెరిగిపోయింది, అకౌంట్స్‌లో సప్లయర్‌కి ఇవ్వాల్సిన బాకీ పుట్టింది. చాలా ఈఆర్‌పీల్లో దాన్ని చెరిపేయడం కుదరదు, ఎదురు ఎంట్రీ వేసి రద్దు చేసుకోవాలి, దానికి వేరే వాళ్ల అనుమతి కావాలి. రికార్డర్ గైడ్‌లో ఈ రెండిటికీ ఒకే సైజు బొమ్మ, ఒకే రంగు వలయం, ఒకే రకం వాక్యం. మెట్లు దిగుతున్న మనిషికి ఆఖరి మెట్టు తర్వాత బావి ఉందని ఎక్కడా చెప్పలేదు.

అదే పనికి చేత్తో దిద్దిన గైడ్ ఏడు స్టెప్పుల్లో అయిపోతుంది. పైన మూడు వాక్యాలు: 'పీవో నంబరు, సప్లయర్ ఇన్‌వాయిస్, చేత్తో లెక్కపెట్టిన సంఖ్య రాసుకున్న చీటీ దగ్గర పెట్టుకోండి. మీ లాగిన్‌కి స్టోర్స్ రోల్ ఉండాలి. మెనూలో రిసీట్స్ కనబడకపోతే లేనట్టే.' తర్వాత:

1. ఇన్వెంటరీ మెనూలో రిసీట్స్ తెరిచి న్యూ నొక్కండి.
2. పీవో నంబరు టైప్ చేసి గెట్ లైన్స్ నొక్కండి. కింద ఐటమ్‌లు వరసగా వస్తాయి. రాకపోతే ఆ పీవో ఇంకా అప్రూవ్ కాలేదు. పర్చేజ్ సెక్షన్‌కి చెప్పి ఆగండి. కొత్త పీవో మీరు తయారుచేయొద్దు.
3. రిసీవ్డ్ క్వాంటిటీ వరసలో చీటీ మీది సంఖ్య వేయండి, ఇన్‌వాయిస్ మీది కాదు.
4. సంఖ్య తక్కువ ఉంటే రిమార్క్స్‌లో ఎన్ని తక్కువో రాయండి.
5. సేవ్ నొక్కండి. పైన డ్రాఫ్ట్ అని కనబడాలి.
6. ఇక్కడ ఆగి, స్క్రీన్ మీది సంఖ్యల్ని చీటీతో పోల్చి చూసుకోండి. పోస్ట్ నొక్కాక దిద్దడం కుదరదు.
7. పోస్ట్ నొక్కండి. జీఆర్ఎన్ నంబరు వస్తుంది. దాన్ని ఇన్‌వాయిస్ మీద పెన్నుతో రాయండి.

ఆరో స్టెప్‌లో క్లిక్ లేదు. ఏడో స్టెప్ ఆఖరి వాక్యం కంప్యూటర్ బయట, కాగితం మీద జరిగే పని. రెండో స్టెప్‌లో ఉన్న 'రాకపోతే' రికార్డు చేసిన రోజు జరగలేదు. ఈ గైడ్‌ను పనికొచ్చేలా చేసినవన్నీ అవే. స్క్రీన్‌షాట్లు రెండు చాలు: ఐటమ్‌లు వరసగా వచ్చాక ఒకటి, పోస్ట్, సేవ్ బటన్లు పక్కపక్కన ఉన్న చోట ఒకటి.

ఇందులో కొత్తేమీ లేదు. 1980ల్లో ఐబీఎం పరిశోధనాశాలలో జాన్ క్యారల్ బృందం తేల్చింది ఇదే. కొత్తవాళ్లు మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదవరు, నేరుగా పనిలో దిగుతారు, తప్పు చేశాకే పుస్తకం తెరుస్తారు. అందుకని మాన్యువల్‌ను కుదించి, తప్పు ఎక్కడ జరిగే వీలుందో ఆ పక్కనే దిద్దుకునే దారి రాయాలన్నారు. ఆ తర్వాత 2005లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా తెచ్చిన డీటాలో (మాన్యువళ్లు రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో) కూడా టాస్క్ అనే టాపిక్‌కి ముందు కావలసినవి, ప్రతి స్టెప్‌లో చేసే పని, దాని ఫలితం అంటూ విడివిడి గదులున్నాయి. ఆ ఎక్స్‌ఎంఎల్ బరువు మనకు అక్కర్లేకపోయినా ఆ గదులు మాత్రం వర్డ్ ఫైల్లోకైనా తెచ్చుకోవచ్చు.

'అసలు గైడే లేకపోవడం కంటే నయం కదా'

దీనికి ఎదురుగా వచ్చే వాదన గట్టిదే. దిద్దిన గైడ్ రాసే తీరిక ఎవరికుంది? రికార్డర్ లేకపోతే ఆ షీట్‌లో సగం గడులు ఖాళీగా ఉండేవి. చెడ్డ గైడ్ అయినా ఏదో ఒక దారి చూపిస్తుంది కదా.

కొన్నిచోట్ల ఒప్పుకుంటాను. ఎవరో ఒకరు 'ఈ సెట్టింగ్ ఎక్కడుంది' అని అడిగితే రికార్డు చేసి లింకు పంపడం కంటే మంచి జవాబు లేదు. ఒకే మనిషి ఒకేసారి చదివి పారేసేది దిద్దడం దండగ. డెవలపర్‌కి బగ్ చూపించడానికీ అంతే. గైడ్ ఆయుష్షు వారం దాటదనుకుంటే ముడిసరుకే పంపేయండి.

స్టాక్, డబ్బు, జీతం, కస్టమర్ వివరాలు కదిలే పనుల్లో మాత్రం ఈ వాదన నిలబడదు. గైడ్ లేకపోతే కొత్తవాడు భయపడి పక్కవాళ్లను అడుగుతాడు. నిగనిగలాడే గైడ్ చేతిలో ఉంటే అడగడు, పోస్ట్ నొక్కేస్తాడు. ఇప్పుడు ఈ టూల్స్‌లో చేరిన ఏఐ వివరణలు ఆ ధైర్యాన్ని ఇంకా పెంచుతున్నాయి. బటన్ పేరు చూసి 'ఇది మీ మార్పులను భద్రపరుస్తుంది' అని చక్కని వాక్యం రాసిపెడుతుంది. పోస్ట్ గురించి ఆ వాక్యం సగం నిజం. సగం నిజానికి ఎర్రగీత పడదు కాబట్టి సరిచూసేవాళ్ల కళ్లు కూడా దాని మీంచి జారిపోతాయి. ఏఐతో రాయించుకుంటే దాన్ని ప్రశ్నలు అడగమనండి: ఈ గైడ్‌లో ఏ స్టెప్ ఫెయిలయ్యే వీలుంది, ఏది వెనక్కి తిప్పలేనిది, ఏ విలువ ప్రతిసారీ మారుతుంది. ఆ జాబితాకి జవాబులు పని తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవాలి.

ఇంకో రకం గైడ్ ఉంది, దాన్ని గురించి ఎక్కువ చెప్పను. ఐఎస్ఓ 9001 నాణ్యతా ఆడిట్ వస్తోందని రాత్రికి రాత్రి తయారయ్యే ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పత్రాలు). డాక్యుమెంట్ నంబరు, రివిజన్ నంబరు, ముగ్గురి సంతకాలు అన్నీ ఉంటాయి. చదవాల్సిన మనిషి మాత్రం దాన్ని ఎప్పుడూ చూసి ఉండడు.

వీడియో సంగతి కూడా క్లుప్తంగానే. చేతులు కదిలే పనికి, అంటే లేబుల్ ప్రింటర్‌లో రోల్ ఎక్కించడం లాంటివాటికి వీడియోను మించింది లేదు. స్క్రీన్ మీది పనికి పన్నెండు నిమిషాల వీడియో చేస్తే, ఏడో నిమిషంలో బటన్ మారిందంటే మొత్తం మళ్లీ తీయాలి. వెతికేవాళ్లకి ఆ ఏడో నిమిషం దొరకదు కూడా.

స్క్రీన్‌షాట్ అనే అప్పు

ప్రతి స్క్రీన్‌షాట్‌కీ వడ్డీ కట్టాలి. అక్షరాల్లో రాసిన స్టెప్ బటన్ రంగు మారినా చెల్లుతుంది, బొమ్మ చెల్లదు. 2020 చివర్లో ట్యాలీ ఈఆర్‌పీ 9 పోయి ట్యాలీప్రైమ్ వచ్చినప్పుడు పాత గైడ్లలో బొమ్మలన్నీ ఒక్క దెబ్బతో పాతబడ్డాయి. ఎఫ్8, ఎఫ్9 అలాగే ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ అక్షరాల్లో రాసుకున్నవి చాలావరకు బతికాయి. క్రెడిట్ నోట్ కంట్రోల్-ఎఫ్8 నుంచి ఆల్ట్-ఎఫ్6కి మారింది లాంటివి ఫైండ్-రీప్లేస్‌తో సరిచేసుకున్నారు. బొమ్మలో ఫైండ్-రీప్లేస్ ఉండదు.

అందుకని బొమ్మ పెట్టే ముందు ఒకటే అడగాలి: ఇది లేకపోతే చదివేవాళ్ల కన్ను దారి తప్పుతుందా? తప్పదంటే తీసేయండి. పెట్టినవి అన్నీ ఒకే కొలతలో ఉండాలి. బ్రౌజర్ జూమ్ 100 శాతం, విండో వెడల్పు 1280 పిక్సెల్స్ అని ఒకసారి నిర్ణయించుకుంటే రెండేళ్ల తర్వాత ఒక్క బొమ్మ మార్చినా మిగతావాటిలో కలిసిపోతుంది. విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్ ఒకరి ల్యాప్‌టాప్‌లో 125, ఇంకొకరి దాంట్లో 150 ఉండటం వల్లే ఒకే గైడ్‌లో అక్షరాలు ఒక పేజీలో చీమల్లా, ఇంకో పేజీలో ఏనుగుల్లా కనబడతాయి. స్క్రీన్ బొమ్మలకు జేపీఈజీ వాడితే అక్షరాల చుట్టూ మసక చేరుతుంది, పీఎన్‌జీ వాడండి. ఫైలు పేరులో స్టెప్ నంబరు పెట్టొద్దు, స్క్రీన్ పేరు పెట్టండి. మధ్యలో ఒక స్టెప్ చేరితే నంబర్లన్నీ అబద్ధాలైపోతాయి. బాణాలు, పెట్టెలు బొమ్మలో కలిపేయకుండా విడిగా కదిపేలా ఉంచే ఫార్మాట్‌లో అసలు ఫైలు దాచుకోండి. స్నాగిట్ లాంటి టూల్స్‌లో ఆ వీలుంది.

వర్డ్‌లో పనిచేసేవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక నరకం ఉంది. మూడో స్టెప్ కింద బొమ్మ పెట్టగానే నాలుగో స్టెప్ మళ్లీ 1 అవుతుంది. బొమ్మ ఉన్న పేరా జాబితాలోంచి బయటపడి నార్మల్ స్టైల్‌లోకి పోవడమే కారణం. స్టెప్ చివర ఎంటర్ కొట్టకుండా షిఫ్ట్-ఎంటర్ కొట్టి బొమ్మను అదే పేరాలో ఉంచితే నంబరు తెగదు. లేదంటే బొమ్మలకు లిస్ట్ కంటిన్యూ స్టైల్ ఇవ్వాలి. నంబర్లు చేత్తో టైప్ చేసుకునేవాళ్ల మీద కోపం వద్దు. ఈ సంగతి ఎవరూ చెప్పకే ఆ పని చేస్తున్నారు.

రికార్డర్ స్క్రీన్‌షాట్లలో ఇంకో ప్రమాదం, మనకు తెలియకుండా పట్టుకునేవి. పక్క వరసలో ఉద్యోగుల పాన్ నంబర్లు, పై మూలన వచ్చిపోయిన చాట్ నోటిఫికేషన్, తెరిచి ఉన్న ఇంకో ట్యాబ్ పేరు. మసకపరిచే బ్లర్‌ను నమ్మొద్దు. పెద్ద చతురస్రాలుగా మార్చిన అంకెల్ని తిరిగి ఊహించే ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి. నిండు రంగు పెట్టె అడ్డం పెట్టి, బొమ్మను కొత్త ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. కత్తిరించడాన్ని కూడా గుడ్డిగా నమ్మలేం. 2023 మార్చిలో బయటపడిన ఏక్రోపలిప్స్ లోపం ఇదే: గూగుల్ పిక్సెల్ ఫోన్ల ఎడిటర్‌లో, విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో బొమ్మను కత్తిరించి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, పాత ఫైలు తోక కొత్త ఫైలు వెనకాల మిగిలిపోయి, కత్తిరించిన భాగాన్ని కొంతమేర తిరిగి తీయగలిగేవారు. దాన్ని తర్వాత సరిచేశారు, కానీ అంతకుముందు సేవ్ చేసిన బొమ్మలు అలాగే ఉన్నాయి. 2023 డేటా రక్షణ చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అన్నిటికన్నా సులువైన దారి, ఉత్తుత్తి పేర్లతో నింపిన టెస్ట్ లాగిన్‌లో మాత్రమే రికార్డు చేయడం. ఆ లాగిన్‌కి చదివేవాళ్ల రోల్ ఇస్తే, మొదట్లో చెప్పిన పద్నాలుగో స్టెప్ గొడవ కూడా అక్కడే తీరుతుంది.

తెలుగులో రాసేటప్పుడు

ఇప్పుడు చాలా టూల్స్‌లో భాష మార్చే బటన్ ఉంది. దాన్ని నొక్కి తెలుగు గైడ్ వచ్చేసిందనుకోవడం పెద్ద పొరపాటు. అది బటన్ల పేర్లను కూడా అనువదిస్తుంది. స్క్రీన్ మీద సబ్మిట్ అని ఉంటే గైడ్‌లో 'సమర్పించు' అని ఉంటుంది, క్లోజ్ కాస్తా 'దగ్గర' అవుతుంది. స్టోర్స్ కుర్రాడు ఆ మాట కోసం స్క్రీనంతా వెతుకుతాడు. సాఫ్ట్‌వేర్ ఏ భాషలో ఉంటే బటన్ పేరు ఆ అక్షరాల్లోనే, బోల్డ్‌లో, గైడ్‌లో ఉండాలి. దాని చుట్టూ ఉన్న వాక్యం మాత్రమే తెలుగు. (ఈ వ్యాసంలోని ఉదాహరణల్లో మాత్రం బటన్ పేర్లు తెలుగు లిపిలోనే రాశాను.)

వాక్యం విషయంలో తెలుగు మనకు సాయమే చేస్తుంది. ఎక్కడ అన్నది ముందు చెప్పి ఏం చేయాలో తర్వాత చెప్పమని ఇంగ్లిషు రచయితలకు నియమాలు పెట్టి నేర్పిస్తారు. మనకు క్రియ ఎలాగూ చివరే వస్తుంది. 'ఇన్వెంటరీ మెనూలో రిసీట్స్ తెరవండి' అన్నది మనం మామూలుగా మాట్లాడే తీరే.

రెండు మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకటి 'ఎంటర్ చేయండి'. నంబరు ఎంటర్ చేయండి అంటే నంబరు కొట్టి ఎంటర్ కీ నొక్కేవాళ్లు చాలామంది. కొన్ని ఫారాల్లో ఎంటర్ కీ అంటే సబ్మిట్. సగం నిండిన ఫారం వెళ్లిపోతుంది. 'టైప్ చేయండి' అనీ, కీ గురించి అయితే 'ఎంటర్ కీ నొక్కండి' అనీ విడదీయాలి. రెండోది 'నొక్కకండి'. 'నొక్కండి'కీ దానికీ మధ్య ఒక్క 'క' తేడా. హడావిడిగా చదివే కంటికి ఆ 'క' ఆనదు. వద్దన్న చోట 'నొక్కొద్దు' అని రాయండి, వాక్యం ఆకారమే మారుతుంది.

తెలుగు గైడ్ ఫైల్లో వెతికితే దొరకడం లేదన్న ఫిర్యాదుకు కారణం ఎక్కువసార్లు కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరం వత్తుగా కలిసిపోకుండా ఆపే గుర్తు. 'స్క్రీన్‌షాట్'లో 'న్' తర్వాత దాన్ని పెడితేనే 'షా' విడిగా నిలబడుతుంది. ఒకరు పెట్టి, ఒకరు పెట్టకుండా రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. టీమ్‌లో ఒక చిన్న పదాల పట్టిక పెట్టుకుని అందులోంచే కాపీ చేసుకోవాలి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్లీ అని ఉంటే వత్తుల కాళ్లు తెగుతాయి. మల్టిపుల్‌కి మార్చి 1.3 దగ్గర మొదలుపెట్టండి.

విరిగినప్పుడు అరిచే గైడ్

గైడ్ పాతబడిందని ఎలా తెలుస్తుంది? మామూలుగా ఎవరో ఒకరు ఇరుక్కుపోయాక తెలుస్తుంది. దీనికి నాకు నచ్చిన ఉపాయం డెవలపర్ల వైపు నుంచి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ప్లేరైట్ వెబ్ అప్లికేషన్లను పరీక్షించే టూల్. అందులోనూ ఒక రికార్డర్ ఉంది. అది స్క్రీన్‌షాట్లు కాకుండా, మనం నొక్కినవాటిని మళ్లీ నొక్కగల స్క్రిప్ట్ ఇస్తుంది. ఆ స్క్రిప్ట్‌లో కావలసిన రెండు చోట్ల 'ఇక్కడ స్క్రీన్ పట్టుకో' అని చేర్చాలి. విండో కొలత, టైమ్‌జోన్ అందులోనే కట్టేయవచ్చు. దాచాల్సిన గడుల్ని మాస్క్ అని చెబితే వాటి మీద నిండు గులాబీ రంగు పెట్టె వేస్తుంది, బ్లర్ కాదు. గైడ్ అక్షరాలు మార్క్‌డౌన్ (సాదా అక్షరాల) ఫైల్లో, బొమ్మలు స్క్రిప్ట్ తీసినవి, రెండూ గిట్‌లో, అంటే ప్రతి మార్పునూ గుర్తుంచుకునే చోట. కొత్త రిలీజ్ వచ్చిన రాత్రి స్క్రిప్ట్ నడుస్తుంది. బటన్ ఉంటే బొమ్మలు తాజా అవుతాయి. లేకపోతే స్క్రిప్ట్ ఫలానా స్టెప్ దగ్గర ఆగిపోయిందని మెయిల్ వస్తుంది.

ఇది అందరికీ కాదు. మీ అప్లికేషన్ వెబ్‌లో లేకపోతే కుదరదు, టీమ్‌లో స్క్రిప్ట్ దిద్దగలిగేవాళ్లు ఒక్కరైనా ఉండాలి, బటన్ ఉండి దాని అర్థం మారితే ఇది పట్టుకోలేదు. డబ్బున్నవాళ్లు అప్లికేషన్ మీదే గైడ్ చూపించే వాట్‌ఫిక్స్ లాంటివి కొంటారు. అది 2014లో బెంగళూరులోనే మొదలైన కంపెనీ. వాటిలోనూ గైడ్ బటన్ గుర్తుకే వేలాడుతూ ఉంటుంది, గుర్తు మారితే దిద్దుకోవాల్సిందే.

ఏ టూల్ అయినా డబ్బు కట్టేముందు ఒక్క గైడ్‌ను బయటకు తీసి చూడండి. మార్క్‌డౌన్‌గానో హెచ్‌టీఎంఎల్‌గానో అక్షరాలు, బొమ్మలు విడివిడిగా వస్తే సరే. పీడీఎఫ్ ఒక్కటే వస్తే అది శవం, దిద్దలేం. ఒకప్పుడు బ్రౌజర్లలో యానిమేషన్లు నడిపిన ఫ్లాష్‌లో ట్రైనింగ్ కోర్సులు చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. 2021 జనవరిలో ఫ్లాష్ ప్లేయర్ నడవడం ఆగిపోయినప్పుడు, అసలు ప్రాజెక్ట్ ఫైళ్లు దాచుకున్నవాళ్లు మళ్లీ పబ్లిష్ చేసుకున్నారు, లేనివాళ్లు మొదటి నుంచి మళ్లీ చేశారు.

ఇక స్క్రిప్ట్ పంపే ఆ మెయిల్ గ్రూప్ ఐడీకి వెళ్లకూడదు. పన్నెండు మందికి వెళ్లే మెయిల్ ఎవరూ తెరవరు. గైడ్ చివర ఒక మనిషి పేరు, ఆఖరుసారి మొత్తం చేసి చూసిన తేదీ ఉండాలి, మెయిల్ ఆ పేరుకే వెళ్లాలి. ఆ మనిషి నోటీస్ ఇచ్చిన రోజు కేటీ షీట్‌లో మొదటి వరస ఇదే కావాలి, ఆ గడికి పచ్చరంగు వేయాల్సింది కొత్తగా వచ్చినవాళ్లు.